ఆ ఒక్క స్విచ్ ఆపకండి

ఏవండీ,

కెటిల్ స్విచ్ ఆపలేదని పొద్దున అంత రభస చేశారు. సరే, తప్పు నాదే. కానీ బూట్లైనా విప్పకుండా స్విచ్‌లన్నీ ఆపుకుంటూ వచ్చే మీ అలవాటు ఈ ఒక్కరోజుకి మానండి. కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని పెన్‌డ్రైవ్ పెట్టి బయోస్, అదే కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం, అప్‌డేట్ చేస్తున్నాను. తెర మీద అంకె కదలకపోయినా, కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలైనా ముట్టుకోవద్దు. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు ఖలాస్ అని కరామాలో కంప్యూటర్ షాపతను రెండుసార్లు చెప్పాడు. రేపు పదింటికి నా ఉద్యోగం పరీక్ష దీని మీదే రాయాలి. ఎమ్మెస్సీ చదివి పదేళ్లు ఇంట్లో కూర్చున్నాక వచ్చిన మొదటి పిలుపండీ ఇది.

మన తన్మయి స్కూల్ బస్సు వచ్చి కింద హారన్ కొడుతోంది, దాన్ని తీసుకురావడానికి వెళ్తున్నాను. అత్తయ్య పడుకున్నారు, లేపకండి. పప్పు స్టవ్ మీద ఉంది.

ఇంకో మాట. ఆ పెన్‌డ్రైవ్ మీ కారు పాటలదే. ఈ అప్‌డేట్‌కి పనికొచ్చేలా దాన్ని బూటబుల్ చేసేసరికి పాటలన్నీ చెరిగిపోయాయి. తిట్టేదేదో రేపు పరీక్షయ్యాక తిట్టండి.

ఉద్యోగం వస్తే చేరతానని మధ్యాహ్నం భోజనం దగ్గర అత్తయ్యతో చెప్పేశాను. "వాణ్ణి అడిగావా?" అన్నారు. "అడగలేదత్తయ్యా, చెబుతాను" అన్నాను.