దారం ఉంది గదరా

కోరుట్ల,
ఆదివారం.

సంధ్యకు,

మీ అమ్మగారింటి అరుగు మీద కూర్చుని గోవర్ధన్ రాస్తున్న ఉత్తరం. నేను, బిడ్డ, అత్తమ్మ బాగున్నాం. నువ్వు మస్కట్‌లో వేళకు తిని, వేళకు పడుకుంటున్నావని తలుస్తాను. ఈ "బాగున్నాం"లో నీ తమ్ముడు వేణును కలపలేకపోయాను. వాడి గురించి చెప్పడానికే కూర్చున్నాను గానీ, ముందు మిగతావి రాయనీ.

"ఆ దినం ఏమైందని ఫోన్ల అడిగితే బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చి తప్పించుకుంటున్నవ్. కాగితం మీద రాయి, ఎట్ల తప్పించుకుంటవో సూస్త" అని రాశావు. పెళ్లయిన కొత్తలోనే నా సంగతి కనిపెట్టినదానివి. నీ ఉత్తరం తెచ్చిన కథలాపూర్ నవీన్‌కు సెలవు అయిపోయింది, గురువారం తిరుగు ప్రయాణం. ఇదీ అతని చేతికే ఇస్తాను. మీ అమ్మ కారప్పొడి, పసుపు కట్టి పెట్టింది. బరువెక్కువని నవీన్ గొణిగితే పట్టించుకోకు.

బిడ్డను ఇక్కడి బడిలోనే వేశాను. మొదటి వారం మన సిరిసిల్ల ఇంటికి పోదామని ఏడ్చింది, ఇప్పుడు ఏడవడం లేదు. లెక్కల్లో నా పోలిక, నోట్లో నీ పోలిక. టీచరమ్మకే ఎదురు చెప్పిందట. పళ్లు రెండు ఊడాయి. నువ్వు వచ్చేదాకా దాచిపెడతానని అగ్గిపెట్టెలో పెట్టుకుంది.

వేణు తింటున్నాడా అని అడిగావు. ముక్కు గొట్టంలోంచే పోస్తున్నాం. నువ్వు చెప్పినట్టు రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నాను, వీపు మీద పుండు పడలేదు. కళ్లు తెరుస్తాడు. మీ అమ్మ "వేణూ, ఓ వేణూ" అంటే అటు చూస్తాడు. తలుపు చప్పుడైనా అట్లాగే చూస్తాడు. కరీంనగర్ దవాఖాన కాగితాలు ఎందుకు పంపలేదని రెండుసార్లు అడిగావు. నర్సువి కాబట్టే పంపలేదు. మెదడుకు గాలి అందలేదని రాసి ఉంది. ఎన్ని నిమిషాలో కూడా రాసి ఉంది. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు అన్నప్పుడు నేను ఆశ అనుకున్నాను. నువ్వయితే వెంటనే అర్థం చేసుకునేదానివి.

ఇక నీ ఉత్తరం చివర రాసిన మాట. "నేను కొని పంపిన వాచీ నా తమ్ముణ్ణి ముంచింది. దుకాణపోనికి ఇంకో నాలుగు ప్రశ్నలు ఏసి కొనాల్సింది" అని రాశావు. అక్కడ కాగితం ఉబ్బి, సిరా చెదిరి ఉంది. ఆ రెండు వాక్యాలు మళ్లీ మళ్లీ చదివాను.

వాచీలు పనిచేయలేదని నీకు చెప్పింది నేనే. అది అబద్ధం సంధ్యా.

నువ్వు వాటిని ఎందుకు పంపావో నాకు గుర్తుంది. డ్యాంలో మునిగి పనిచేస్తుంటే నీళ్లలో మట్టికి, గాలి సిలిండర్ నుంచి వేలాడే మీటరు కనిపించడం లేదని నేనే మొత్తుకున్నాను. మస్కట్‌లో ఓడల అడుగులు గీకిన రోజుల్లో పెద్ద కంపెనీ వాళ్ల చేతులకు అవి చూసి ఆశపడ్డాను. సిలిండర్ మెడకు నల్ల డబ్బీ ఒకటి బిగిస్తే చాలు, లోపల ఎంత గాలి ఉందో తీగ లేకుండానే చేతి వాచీలో అంకె పడుతుంది. నువ్వు రెండు పంపావు, నాకొకటి, వేణుకొకటి. వాడు దాన్ని అన్నం తినేటప్పుడు కూడా పెట్టుకునేవాడు. వాచీ వచ్చిందిగా అని పాత మీటర్లు రెండూ నేనే పీకేశాను. డ్యాం మోటార్లు నీళ్లు గుంజే బావిలో జాలీకి తట్టుకుంటున్నాయని సాకు. "ఉండనీ బావా, ఏం బరువైతది" అన్నాడు వేణు. నేను వినలేదు.

ఏ డబ్బీ మాట ఏ వాచీ వింటుందో ముందే జతచేసి ఉంటుంది. నా డబ్బీ నా వాచీతోనే మాట్లాడుతుంది. డబ్బీలు రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. మగ్గాల షెడ్డులో పెరిగినవాణ్ణి, నాకు తెలిసిన గుర్తు దారమే. మా షెడ్డులో కత్తెరకు దారం, నూనె డబ్బాకు దారం, చాయ్ గ్లాసుకు కూడా దారం. ఎవరి దారం చూసి వాళ్లు తీసుకునేవాళ్లం, ఎన్నడూ తప్పు పోలేదు. అందుకే నాకు ఎర్ర దారం, వేణుకు నీలి దారం కట్టాను. డబ్బీ నున్నగా ఉండి జారిపోతుంటే, పక్కనున్న గాలి పైపుకు కట్టాను.

వేణు మునిగిన దానికి ముందురోజు మధ్యాహ్నం డబ్బీలు రెండూ విప్పి బ్యాటరీలు మార్చాను. ఏ పైపుకు ఏ డబ్బీ బిగించానో చూసుకోలేదు. దారాలు పైపుల మీదే ఉన్నాయి, ఎక్కడివక్కడే. మారింది డబ్బీలు.

తెల్లారి పడవ ఊగుతోంది. కాంట్రాక్టర్ బాలరాజు తొందరపెడుతున్నాడు. వేణు అడిగాడు, సంధ్యా. ఎప్పుడూ అడిగేదే.

"బావా, ఒక్కొక్క సిలిండర్ ఇప్పుదాం. ఎవలి వాచీల అంకె లేస్తదో సూద్దాం."

"దారం ఉంది గదరా" అన్నాను. రెండూ ఒకేసారి తిప్పేశాను. రెండూ నిండు సిలిండర్లే, రెండు వాచీల్లోనూ రెండు వందలే పడింది. అనుమానం రావడానికి ఏమీ లేదు.

బావి జాలీ లోపలికి దూరి గునపంతో చెత్త పీకేది వేణు. నేను పక్కనే లైటు పట్టుకుని ఉన్నాను. అరగంటయ్యేసరికి నా వాచీలో అరవైకి వచ్చింది. వాడి చేయి లాగి చూస్తే నూట ముప్పై. నాకు సిగ్గేసింది. చెమటోడ్చేవాడికి అంత మిగిలి, ఊరికే నిలబడ్డవాడికి ఇంత తక్కువేమిటి, వయసయిందా, భయం పట్టిందా అనుకున్నాను. ఎక్కువ పని చేసేవాడిదే ఎక్కువ ఖర్చవుతుందని మస్కట్‌లో మొదటి రోజే నేర్పారు. ఆ మాట నాకు గుర్తు రాలేదు. పైకి పోదామని బొటనవేలు చూపాను. వాడు వాచీ చూపించి, "కొద్దిగ పని ఉంది, అయిపోగొట్టి వస్త" అన్నట్టు వేళ్లు ఆడించాడు. నీళ్లలో ఒకణ్ణి వదిలి ఇంకొకడు రాకూడదు. వచ్చేశాను.

పడవెక్కి సిలిండర్ దింపి నీళ్లు తాగాను. "గింత జల్ది అయిపోయిందా నీకు?" అని బాలరాజు నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు వాచీ చూసుకున్నాను. అంకె లేదు, గీతలు ఉన్నాయి. డబ్బీ దూరమైతే అట్లా గీతలు వస్తాయి. నా డబ్బీ నా మోకాలి పక్కనే ఉంది.

నోటి గొట్టం నొక్కి చూశాను. బుస్సుమని కొట్టింది. గాలి ఇంకా బాగా ఉంది. నేను చూసిన అరవై వేణుది. వేణు చూసుకున్న నూట ముప్పై నాది.

వాడికెంత మిగిలిందో భూమ్మీద నాకొక్కడికే తెలుసు, చెప్పడానికి దారి లేదు. వేణు నడుముకు కట్టిన తాడు గుంజమంటే బాలరాజు గుంజాడు. అది జాలీకి చుట్టుకుని ఉంది. నేను మళ్లీ అన్నీ తగిలించుకోవడం మొదలుపెట్టాను. బెల్టు బకిల్ ఒకటి మూడుసార్లు జారింది. నేను పైకి వచ్చినప్పుడు వాడి వాచీలోనూ గీతలే వచ్చి ఉంటాయి. "మోటార్ల కరెంటుకు అట్ల గీతలు వస్తయ్ రా, పాత అంకె యాదికి పెట్టుకొని పని చేసుకో" అని వాడికి నేర్పింది కూడా నేనే. వాడు నా మాట విన్నాడు. నేను దిగేసరికి జాలీ ఊచలు రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. నోట్లో గొట్టం లేదు.

వాచీలు నిజమే చెప్పాయి సంధ్యా. నువ్వు మంచివే కొన్నావు. ఈ ఒక్క మాట నీకు చేరాలనే రాశాను. ఇన్నాళ్లు నిన్ను ఏడవనిచ్చి నేను ఊరుకున్నాను. ఫోనులో నువ్వు "నా తప్పే" అన్న ప్రతిసారీ నా నోటి దాకా వచ్చింది, బిడ్డకు ఫోన్ ఇచ్చేశాను.

మీ అమ్మకు ఇంకా తెలియదు. నిన్న నాకు అన్నం వడ్డిస్తూ, "నువ్వు మల్ల దిగకపోతే నా కొడుకు గీ మాత్రం కూడ దక్కకపోవు అల్లుడా" అని నా తల నిమిరింది. ఆ చేతి అన్నమే తిన్నాను. నువ్వు ఈ ఉత్తరం చదివాక ఆమెకు నువ్వే చెప్తావో, నన్ను చెప్పమంటావో రాయి. నాకు ఏదీ తోచడం లేదు. నన్ను క్షమించమని అడగడం లేదు. అడగడానికి వేణు ముందు లేవాలి.

నీకు డాక్టరు చెప్పని సంగతి ఒకటి ఉంది. నెల నుంచి వేణు ఎడమ చేయి కదిలిస్తున్నాడు. మీ అమ్మ సంతోషపడి వీధంతా చెప్పింది. డాక్టరు చూసి, నరాలు వాటంతటవే గుంజుతాయి, దానికి అర్థం లేదన్నాడు. కావచ్చు. కానీ నేను రోజూ మంచం పక్కనే కూర్చుని చూస్తున్నాను. చేతిని మెల్లగా ఎత్తి, మణికట్టు కళ్ల ముందుకు తెచ్చుకుని, కాసేపు దాన్నే చూస్తాడు. నెమ్మదిగా గుండె నిండా ఊపిరి తీసుకుంటాడు. ఇంకా చాలా ఉందన్నట్టు చేయి కిందికి దించేస్తాడు.

ఇట్లు,
వేణు బావ,
గోవర్ధన్.