సర్టిఫికెట్‌కు బదులు విజిల్

గోదావరిఖని,
ఆదివారం.

శాంతిరాజ్ బావకు,

నువ్వు మొన్న వదిలివెళ్లిన రంగుల కాగితం చదివాను. ఎక్కడో యుద్ధం జోరుగా సాగుతోందట. ఫిరంగి గుండ్లలో మందు నింపే ఫ్యాక్టరీకి అనుభవమున్న మనుషులు కావాలట. ఏసీ గది, వారానికోసారి బిర్యానీ! చంపే పనికి ఇంత మర్యాద ఉంటుందని నాకు తెలియదు.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల మందు పేల్చినవ్, గిది గూడ గంతే గద బామ్మర్దీ" అన్నావు. బాయి దిగకుండా, పైన టోపీ పెట్టుకుని ఫొటో దిగి వెళ్లినవాడివి, నీకు అంతే అనిపిస్తుంది.

బొగ్గు పేల్చే ముందు మేం ప్రతి దారికీ ఒక మనిషిని కాపలా పెట్టేవాళ్లం. అందరూ దూరం జరిగారో లేదో తలలు లెక్కపెట్టి, మూడుసార్లు విజిల్ ఊదాకే నేను పేల్చేవాణ్ణి. ఒక్కరోజు షిఫ్టు అయిపోతోందన్న తొందరలో ఊదలేదు. కమాన్‌పూర్ రాయమల్లన్నకు ఎడమ చెవి పోయింది. ఇప్పటికీ బజార్లో కనబడితే కుడిచెవి నావైపు తిప్పి, "మళ్ల జెప్పు తమ్మీ" అంటాడు. ఆ మాట వినడానికే నాకు ధైర్యం చాలదు.

ఆ ఉద్యోగానికి నువ్వడిగిన అనుభవం సర్టిఫికెట్ పంపడం లేదు. బదులుగా నా విజిల్ ఈ కవర్లో పెట్టాను, మీ ఫ్యాక్టరీవాళ్లకు ఇవ్వు. గుండు వదిలే ముందు, అది పడబోయే ఊళ్లో మూడుసార్లు ఊదమను. పిల్లాజెల్లా అందరూ దూరం జరిగారని తలలు లెక్కపెట్టి రాసిస్తే, మరునాడే వచ్చి డ్యూటీ ఎక్కుతాను.

నీ బామ్మర్ది