అరచేతి జిడ్డు

నెల్లూరు,
9-8-1964

ప్రియమైన రెబెక్కమ్మకు,

దేవుని దయవల్ల ఇక్కడ నేను కులాసా. అక్కడ మీ క్షేమం అడగడానికి ముఖం చెల్లడం లేదు. కారణం కింద రాస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంట నేనే చేసుకుంటున్నాను. తాళంచెవి ఒకటి పక్కింటి చెంచమ్మగారి దగ్గర ఉంచాను. ఆసుపత్రి వర్క్‌షాపులో పగలంతా ఆకురాయి చప్పుడే తోడు. సాయంత్రం ఇంటికి వచ్చి, అలవాటుగా రెండు కంచాలు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టేస్తుంటాను.

పడవ మీదినుంచి పడి విరిగిన మామయ్యగారి తొడ ఎముకను కలిపి బిగించడానికి నేను చేస్తున్న స్టీలు ప్లేటు ఎప్పుడు వస్తుందని అడిగావు. వట్టి స్టీలుకు ఎముక అంటుకోదు. అందుకే ఎముకల బూడిదను గాజుపొడితో కలిపి దానిమీద పూతగా కాలుస్తున్నానని నీకు తెలుసు. మార్చిలో మేక కాలికి వేసిన ప్లేటు మీద పూత నిలిచిందని నీకు రాశాను. నిలవలేదు. విప్పి చూస్తే ఉడికిన గుడ్డు పెంకులా లేచివచ్చింది. నీవు లేని ఇంట్లో కూర్చుని ఓడిపోయానని రాయలేకపోయాను.

కారణం తరువాత తెలిసింది. స్టీలును ఇసుకతో గరుకు చేశాక అరచేత్తో నిమిరి చూసేవాణ్ణి. పడవ పలకకు నూనె పట్టించేముందు మామయ్యగారు అలాగే నిమురుతారు. మన పెళ్లయిన కొత్తలో నా చేయి పట్టుకుని నేర్పించారు. కొయ్యకు అది మేలే. స్టీలుకు మాత్రం ఆ కాస్త జిడ్డు తగిలితే పూత పట్టదు. ఇప్పుడు స్పిరిటుతో కడిగి పటకారుతోనే ఎత్తుతున్నాను. ప్లేటును వంచినా పూత రాలడం లేదు. అయినా మేకల్లో ఏడాది చూడనిదే మనిషికి వేయకూడదు.

"అల్లుడి ప్లేటు వచ్చిందాకా నా కాలిమీద ఎవురూ చెయ్యి వెయ్యబళ్లా" అని ఆయన పట్టుబట్టినట్టు నీవు రాసిన కార్డును డాక్టరు జ్ఞానప్రకాశంగారికి చూపించి, జరిగినదంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, "మేకకు పట్టనిది మామకు పడతాదని రాసినావా, సంజీవరావూ?" అన్నారు. నవ్వలేదు. ఇప్పటికే ఐదు నెలలు పోయాయనీ, ఈ నెల దాటితే ఎముక అతకడం కష్టమనీ, పూత లేకపోయినా మరలతో బిగించే వట్టి స్టీలు ప్లేటుతోనే వెంటనే ఆపరేషను చేస్తాననీ చెప్పారు.

ఈ ఉత్తరం మామయ్యగారికి చదివి వినిపించు. నిమిరిన సంగతి మాత్రం వదిలెయ్యి. తన పాఠం వల్ల కాలు ఇట్లా అయిందని ఆయన అనుకోకూడదు. అబద్ధం రాసింది నేను.

శుక్రవారం పొద్దుటి బండికి ఆసుపత్రి స్ట్రెచరుతో సూళ్లూరుపేట వస్తున్నాను. ఆయన తిడితే అడ్డుపడకు. నీవు నాతో మాట్లాడకపోయినా సరే, స్ట్రెచరు రెండో కొస మాత్రం నీవు పట్టుకోవాలి.

ఇట్లు,
నీ భర్త
సంజీవరావు