మంచం మీద కూర్చోబెట్టినందుకు

అత్తమ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. పొద్దున సగం నిద్రలో పక్కింట్లో జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు వినిపించింది. నువ్వే అనుకుని చాలాసేపు కళ్లు తెరవలేదు.

రక్తసంబంధం లేకున్నా నీ మోకాళ్ల నొప్పి నాకూ వచ్చింది. నేల మీద కూర్చుంటే లేవలేకపోతున్నాను. ఏటా నీకు పెట్టే రొట్టెలు ఈసారి నా చేతితో చేయలేనేమోనని భయపడ్డాను. రెండు నెలలుగా వనపర్తిలో ఫిజియోథెరపీకి పోతున్నాను. కుర్చీలో కూర్చుని కాలు చాపాలి, ఐదు లెక్కపెట్టి మెల్లగా దించాలి. పూటకు పదిసార్లు. చేసిన ప్రతి పూటా నోటుబుక్కులో గీత పెడుతున్నాను.

"కీలు అరిగింది నిజమే అమ్మా. తొడకండ గట్టివడితే అదే జర బరువు మోస్తది. నొప్పని ఊకె కూసుంటే ఇంక బిగుసుకుంటది" అంది అక్కడి అమ్మాయి.

ఈరోజు వంటగట్టు దగ్గర నిలబడి రొట్టెలు కొట్టాను. "నిలవడి కొడ్తున్నవేందక్కా, హోటల్ పెడ్తవా?" అని నీ చిన్నకోడలు నవ్వింది. నొప్పి ఉంది, కానీ ఐదు రొట్టెలయ్యాయి.

చివరి రెండేళ్లూ నువ్వు గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చినప్పుడల్లా, భుజాలు పట్టి వెనక్కి తీసుకుపోయింది నేనే. "ఇంతమందిమి ఉన్నం గద అత్తమ్మా, నీకెందుకు" అనేదాన్ని. అదే సేవ అనుకున్నాను. ఆ నాలుగడుగులే నీ కాళ్లకు మందని తెలియలేదు.

"జర పిండన్న ఇటియ్యి బిడ్డా, పిసుకుత" అని మంచం మీది నుంచి చెయ్యి చాపేదానివి. నేను ఆ చేతిని తడిగుడ్డతో తుడిచి, దుప్పటి కప్పేదాన్ని.