ఫిదెన్సియో చేతి ఆఖరి తమాల్

చెల్లెమ్మా ఒబ్దూలియా,

నీ సంగతి నాటువైద్యం చేసే చోలే అమ్మమ్మ చెప్పింది. నువ్వు తిన్న ఆ మొక్కజొన్న పిండి తమాల్ ముద్ద కడుపు గోడకు అంటుకుపోయిందని, వీపు చర్మం లాగి వదిలిద్దామని తను వస్తే, "ముట్టుకోకు! అది మా ఆయన చేతి ఆఖరి తమాల్. అక్కడే ఉండనీ" అని తరిమేశావట. ఫిదెన్సియోని మట్టి చేసిన రోజు నుంచీ జావనీళ్ళు తప్ప ఏమీ ముట్టడం లేదట. పిచ్చి మొహమా!

నిన్న నా కడుపుమంటకి ఒహాకా ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం దించారు. మందు మత్తులో తేలిపోతూ, తెర మీద నా కడుపు చూశాను. తడి శాలువాలా గులాబీ రంగు మడతలు, మెల్లగా అలల్లా కదిలే గోడలు. సముద్రం అడుగున పడుకున్నట్టుంది. తిండి వస్తే ఆ మడతలు విచ్చుకుంటాయట.

లేచాక డాక్టరమ్మని అడిగాను, తిన్నది అక్కడ ఎన్నాళ్ళుంటుందని.

"ఏదీ ఉండదమ్మా. పుల్లటి నీరు ఊరుతుంది, గోడలు పిసికి జావ చేసి, పూట తిరిగేలోగా పేగులోకి తోసేస్తాయి. ఆ పులుపుకి తాను కరిగిపోకుండా కడుపు జిగురు పూసుకుంటుంది. వారం తిరిగేసరికి లోపలి పొర కూడా కొత్తదే."

విన్నావా? ఆ తమాల్ ఎప్పుడో నీ ఒంట్లో కలిసిపోయింది. పస్తుంటే ఒళ్ళు తనలో దాచుకున్నదాన్నే కరిగించుకుంటుంది. అతన్ని దాచుకుంటున్నాననుకుని, రోజూ కాస్త కాస్తగా అతన్నే ఖర్చు చేస్తున్నావే.

ఆదివారం వస్తున్నాను. తమాల్‌కి మొక్కజొన్న నానబెట్టి ఉంచు.

నీ అక్క