పదింటికి పడుకునే పిల్ల

చిలకలపూడి

ప్రిన్సిపాల్ గారికి,

మీ దగ్గర ఇంటర్ చదివే మెహక్ తాతను రాస్తున్నాను. నేను మూడో తరగతి దాటలేదు, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

హాస్టల్లో పిల్లలు రాత్రి పన్నెండు దాకా చదవడానికి ఒప్పుకోమని మీరు పంపిన కాగితం అందింది. సంతకం పెట్టకపోతే పై సెక్షన్ నుంచి తీసేస్తారట. మా అబ్బాయి అఫ్జల్ భయపడి పెన్ను తీశాడు. నేనే ఆపాను.

మాది రోల్డుగోల్డు పని. నిద్ర చాలని మనిషిని రాళ్లు పొదగడానికి కూర్చోనివ్వం. సెలవులకు వచ్చిన రోజు, రాత్రిళ్లు ఫోనులో పాఠాలు చూస్తూ నిద్ర మానుకున్న మెహక్ సరదాపడి కూర్చుని, ఒకే జత కమ్మల్లో ఒకదానికి ఎర్రరాయి, రెండోదానికి పచ్చరాయి పెట్టింది. దాని ఫోను నా పెట్టెలో పెట్టి, ఆ రోజు నుంచి పదింటికల్లా పడుకోబెట్టాను.

"అందరూ చదువుతుంటే నేను వెనకబడిపోతాను తాతా" అంది.

"నిద్రకళ్లతో చదివింది ఎవరికి గుర్తుంటుందే, పడుకో" అన్నాను.

పది రోజులయింది. నిన్న ఇరవై జతలు పొదిగింది. భూతద్దం పెట్టి వెతికినా నాకు ఒక్క తప్పు దొరకలేదు. పొద్దున్నే లేచి లెక్కలూ అలాగే చేస్తోంది.

కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను. పిల్లను పదింటికి పడుకోనివ్వండి. సెక్షన్ మార్చాలంటే మార్చుకోండి. ఎక్కడ కూర్చోబెట్టినా, మీరు పాఠం చెప్పేటప్పుడు ఆవలించకుండా వినేది మా పిల్లే.

మెహక్ తాత