పాప గది చల్లబడింది

అత్తయ్యగారికి, మీ అల్లుడు నమస్కరించి రాస్తున్నది.

గది ఉడికిపోతోందని, పాపను, మీ అమ్మాయిని రేపు వచ్చి తీసుకెళ్తానన్నారు. ఆ అవసరం లేదండీ. ఏసీ పాడవలేదు. నిన్న మెయిన్ ఆపి, మూత తీసి చూస్తే ఫిల్టర్ నిండా దుమ్ము దట్టంగా పట్టి ఉంది. కడిగి, నీడలో ఆరబెట్టి బిగించాను. బాల్కనీలో ఏసీ పెట్టెకు అడ్డంగా నేను పేర్చిన అట్టపెట్టెలు కూడా తీసేశాను. వేడిగాలి పోయే దారే లేదు పాపం దానికి.

స్విచ్ వేయబోతుంటే, "ఇప్పుడు కూడా చల్లబడకపోతే అమ్మతో వెళ్ళిపోతా" అంది మీ అమ్మాయి. కాసేపటికి చల్లగాలి తగిలింది. నాలుగు రోజులుగా చెమటకాయలతో ఏడుస్తున్న పాప హాయిగా నిద్రపోయింది.

ఇకపై ఫిల్టర్ శుభ్రం చేసే పని నాదే. మీరు మాత్రం పాపను చూడటానికి తప్పకుండా రండి. వచ్చేటప్పుడు శాలువా తెచ్చుకోండి. మీ అమ్మాయి రిమోట్ ఎవరికీ ఇవ్వడం లేదు.